నాగవ్వను చంపిన అల్లుడు

జహీరాబాదులో రైలు దిగి, అక్కడి నుంచి మోటారు బస్సులో దుమ్ము తింటూ నారాయణఖేడ్ వస్తున్న సంగమేశ్వర్, దారి పొడుగునా వినయం సాధన చేశాడు. ఎవరైనా పొగిడితే తల కొంచెం పక్కకు వంచి, "ఏదో, తోచింది రాస్తున్న" అనాలి. మరీ వంచితే గర్వం అనుకుంటారు, వంచకపోతే పొగరు అనుకుంటారు. పట్నం రేడియోలో నాటకాలు రాసే అల్లుడు ఏ ఊరికైనా ఊరికే దొరకడు కదా. అందులోనూ ‘కుజయాత్ర’ రాసిన అల్లుడు. ఇనుప ఓడలో ఆకాశానికి ఎగిరి కుజగ్రహం చేరిన మనుషుల కథ అది. ప్రతి గురువారం దీపాలు పెట్టే వేళకు రేడియోలో వచ్చేది.

కాన్పుకు పుట్టింటికి వచ్చిన భార్య అమృతమ్మను, ఇంకా తను కళ్లారా చూడని కూతురిని తీసుకుపోవడానికి వస్తున్నాడు. బిస్కెట్ల డబ్బా ఒక చేతిలో, ట్రంకుపెట్టె ఇంకో చేతిలో పట్టుకుని బస్సు దిగేసరికి ఎదురుగా కిరాణా కొట్టులో మొగులప్ప బెల్లం తూకం వేస్తున్నాడు. సంగమేశ్వర్‌ను చూసి తక్కెడ కింద పెట్టాడు.

"మంచిగున్నవా మొగులప్ప మామా?" అన్నాడు సంగమేశ్వర్, తల వంచడానికి సిద్ధపడుతూ.

"ఎట్లుంటం? ముసల్దాన్ని సంపి వచ్చి మంచిగున్నవా అని అడుగుతున్నవ్. జెరంత సిగ్గన్న ఉన్నదా నీకు?"

సామాను దింపుకుంటున్న వాళ్లంతా ఆగి చూశారు. పక్కనే నిలబడ్డ ఒకామె తన పిల్లను ఇవతలికి లాక్కుంది. ఎవరిని చంపానో సంగమేశ్వర్‌కు వెంటనే గుర్తు రాలేదు. వచ్చాక తల ఎటు వంచాలో తెలియలేదు.

చంపింది నాగవ్వను.

ఆ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క రేడియో అతని మామ మాణిక్యప్ప ఇంట్లో ఉండేది. యుద్ధం వార్తలు వినాలని కొన్నాడు. ఇంటిమీద వెదురుగడకు తీగ కట్టించి, బ్యాటరీ అయిపోయినప్పుడల్లా బస్సులో జహీరాబాద్ పంపి నింపించేవాడు. జర్మనీ ఓడిపోయిందని అదే పెట్టె చెప్పిన సాయంత్రం ఊరంతా అక్కడే కూర్చుని తమలపాకులకు సున్నం రాసుకుంది. "గట్లనా" అని ఒకరిద్దరు అన్నారు కూడా. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ‘కుజయాత్ర’ మొదలైంది. అప్పటి నుంచి గురువారం నాడు మాణిక్యప్ప వాకిట్లో చెప్పులు విడవడానికి జాగా ఉండేది కాదు.

ఆ నాటకానికి నాయకుడు ఆచార్య విశ్వంభరుడు. సంగమేశ్వర్ తాను చదివిన ప్రతి శాస్త్ర గ్రంథాన్నీ ఆ మహానుభావుడి నోట్లో కుక్కాడు. ఆయన నోరు తెరిస్తే గురుత్వాకర్షణ, మూస్తే కాంతి వేగం. నాగవ్వ మాత్రం నవ్వు కోసం పెట్టిన ముసలిది. ఓడ లోపల ఊడవడానికి ఎక్కితే తలుపు మూసుకుంది, ఓడ లేచింది. "ఓ సారూ, నన్ను దించుండ్రి, ఇంటికాడ బర్రె పాలకు ఒర్లుతుంటది" అంది ఆకాశంలోంచి. రెండు మూడు వారాల్లో ఆమెను ఎక్కడో ఒకచోట దించేద్దామనే సంగమేశ్వర్ ఉద్దేశం.

కానీ ఊరు దిగనివ్వలేదు. కుజగ్రహపు సైనికులు అగ్నిబాణాలతో చుట్టుముడితే విశ్వంభరుడు వాళ్లకు ఉష్ణశాస్త్రం బోధించాడు. నాగవ్వ ముందుకు వచ్చి "ఎవల పోరగాండ్లురా మీరు? పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నరా?" అని అడిగింది. సైనికులు ఆయుధాలు కింద పెట్టారు. కుజగ్రహంలో తెలుగు ఎవరు నేర్పారని నారాయణఖేడ్‌లో ఒక్కరూ అడగలేదు. అడిగినవాడికి ఆ వాకిట్లో చాప దొరికేది కాదు.

విశ్వంభరుడు మాట మొదలుపెట్టగానే మగవాళ్లు చుట్ట కాల్చుకోవడానికి, ఆడవాళ్లు పశువులకు కుడితి పెట్టడానికి లేస్తున్నారని అత్తవారింటి కబుర్లలో విన్నప్పుడు సంగమేశ్వర్ మనసు చివుక్కుమంది. పట్నంలోనూ అదే వరస. రేడియో ఆఫీసుకు వచ్చే జాబులన్నీ నాగవ్వ పేరుమీదే. ఒకాయన ఆమెకు చలి పెడుతుందేమోనని గొంగడి పంపాడు. చివరికి ఒక గురువారం, తుఫానులో ఓడ చిక్కుకున్నప్పుడు, నాగవ్వ నడుముకు తాడు కట్టుకుని బయటికి వెళ్లి ఓడను విడిపించింది. తాడు తెగింది. రచయితకు ప్రాణం తెరిపిన పడింది.

ఇంటికి చేరిన అల్లుడికి అత్త భీమమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది. జొన్నరొట్టె, దానిమీద కారప్పొడి పెట్టింది. నెయ్యి లేదు, పెరుగు లేదు. పూర్ణం పోలెలు పెడుతుందని మధ్యాహ్నం నుంచి ఏమీ తినకుండా వచ్చిన మనిషి పళ్లెం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"చావు జరిగిన ఇంట్ల పోలెలు చేస్తరా బిడ్డా?" అంది భీమమ్మ మెల్లగా.

"ఇంట్ల ఎవలు పోయిండ్రు అత్తమ్మా?"

"చేతులార చేసి నన్ను అడుగుతున్నవా?" అని కొంగుతో కళ్లొత్తుకుంది.

లోపలి గదిలో అమృతమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుంది. సంగమేశ్వర్ కూతురికి జ్యోత్స్నాదేవి అని పేరు అనుకుని వచ్చాడు. దానికి అర్థం, వ్యుత్పత్తి కూడా చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. పిల్ల అతని వేలు పట్టుకుంది. అతను మురిసిపోయాడు.

"నాగమ్మా, మీ నాయిన వచ్చిండు సూడే" అంది అమృతమ్మ.

"నాగమ్మ ఏంది?"

"దాని పేరు. తొట్టెల్ల ఏసిననాడే పెట్టినం."

"నన్ను అడగద్దా?"

"నాగవ్వను సంపెటప్పుడు నువ్వు నన్ను అడిగినవా?"

సంగమేశ్వర్ నవ్వేసి ఊరుకుందామనుకున్నాడు. అమృతమ్మ నవ్వలేదు. ఎల్లుండి బయల్దేరదామంటే రానంది. నాగవ్వ తిరిగి వచ్చినాకనే పట్నం వస్తానంది. "అది కాయితం మీది మనిషే అమృతా" అన్నాడు. "మరి కాయితమ్మీదనే బతికించు. గంత పెద్ద పనా?" అంది.

మర్నాడు గురువారం. పొద్దు గూకకముందే వాకిలి నిండింది. మాణిక్యప్ప రేడియో పక్కన తన కుర్చీలో కూర్చున్నాడు. అల్లుడికి కుర్చీ వేయలేదు. దర్జీ హన్మయ్య పక్కన, చాప చివర కొంచెం జాగా దొరికింది.

ఆ వారం నాటకమంతా విశ్వంభరుడి సంతాప ప్రసంగమే. సంగమేశ్వర్ ఎంతో శ్రద్ధగా, నిఘంటువు పక్కన పెట్టుకుని రాసిన ప్రసంగం. "ఓ నాగవ్వా! నీ దేహము శూన్యమున లీనమైనను..." అని ఆచార్యుడు ఎత్తుకోగానే ఆడవాళ్లు గొల్లుమన్నారు. రచయిత పొంగిపోబోయాడు. అంతలో మొగులప్ప లేచి రేడియో మీద అరిచాడు.

"నువ్వు పోయేదుండె బయటికి! మగోనివి లోపల కూసుండి ముసల్దాన్ని పంపిస్తవా? ఇప్పుడు మంత్రాలు సదువుతుండు!"

"తాడు సూసుకోలే సారు," అన్నారెవరో. "గంత సదువుకున్నోనికి తాడు ముడి ఎయ్యరాదా?"

"ముసల్ది సావలే," అన్నాడు హన్మయ్య, చాలా శాంతంగా. అందరూ ఇటు తిరిగారు. "పడ్డ సప్పుడు ఎవలన్న ఇన్నరా? నేను ఇన్లే. పడితె సప్పుడు రావాలె గద."

ఇంతసేపూ నోరు మూసుకున్న సంగమేశ్వర్ ఇక ఉండలేకపోయాడు. "హన్మయ్యా, ఆడ గాలి ఉండది. గాలి లేనికాడ సప్పుడు ఇనరాదు. గది శాస్త్రం."

"గట్లనా," అన్నాడు హన్మయ్య. "మరి ఇన్ని దినాల సంది ఓడ బుర్రుమని పోతుంటే మాకు ఎట్ల ఇనొచ్చింది?"

వాకిలంతా రచయిత ముఖంలోకి చూసింది. ఆ ఓడ చప్పుడు స్టూడియోలో ఒక మూల తిరగలి తిప్పితే వచ్చేది. శాస్త్రం మాట ఆ తిరగలి తిప్పేటప్పుడు అతనికి ఒక్కసారీ తట్టలేదు.

"సెప్పు అల్లుడా," అన్నాడు మాణిక్యప్ప. "నల్గురిల పరువు తీయకు."

అక్కడ సంగమేశ్వర్‌కు కోపం వచ్చింది. రాకూడని చోట వచ్చింది. లేచి నిలబడి, "మీరంత ఎవలికోసం ఏడుస్తున్నరో ఎర్కనా?" అన్నాడు. "నాగవ్వ లేదు, గీగవ్వ లేదు. ఆ గొంతు కాలేబుది. మా ఆఫీసుల టైపు కొట్టేటోడు. గింత మీసాలుంటయ్ ఆనికి! పాన్ నములుకుంట మాట్లాడుతడు. అందుకే పండ్లు లేని ముసల్దాని లెక్క వస్తది. నిన్న నేను రైలెక్కెటప్పుడు కూడ మంచిగనే ఉన్నడు!"

రేడియోలో విశ్వంభరుడు ప్రసంగిస్తూనే ఉన్నాడు. భీమమ్మ అమృతమ్మ వైపు తిరిగింది.

"ఎండల పడి వచ్చిండు. రేపు జెర తలకు ఆముదం పెట్టు."

"పాపం తలకెక్కుతే గిట్లనే ఉంటది," అన్నాడు మొగులప్ప. "సంపింది సాలక ముసల్దానికి మీసాలు కూడ పెడుతుండు." ఎవరో "షరమ్ లేదు" అన్నారు. హన్మయ్య మాత్రం అతన్ని చెయ్యిపట్టి కూర్చోబెట్టి, ఓదార్పుగా తన ఉపాయం చెప్పాడు. కుజగ్రహం వాళ్లు ఆమెను పట్టుకుని ఉంటారట. ఆ ఉపాయం ఉచితంగానే ఇస్తున్నాడట, తన పేరు రేడియోలో చెబితే చాలట.

ఆ రాత్రి వంటింట్లో అన్నం తినేటప్పుడు అమృతమ్మ తనే మాట్లాడింది. పిల్ల పుట్టిననాడు పొద్దంతా నొప్పులు పడిందట. సాయంత్రానికి మంత్రసాని సంగమ్మ మొహం కూడా మారిపోయిందట.

"నీ మీద ఒట్టు, గప్పుడు నువ్వు యాదికి రాలే. దేవుడు కూడ రాలే. ఓడల దీపాలు ఆరిపోయిననాడు నాగవ్వ ఒక మాటన్నది గద. ‘భయం వస్తది, పోతది, నేనైతె ఈడనే ఉంట బిడ్డా’ అని. గదే అనుకుంట పండుకున్న. ఆమె నా పక్కన కూసున్నట్టే అనిపించింది."

సంగమేశ్వర్ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపాడు. ఆ మాట అతనికి బాగా గుర్తుంది. ఆ రోజు నాటకం కొంచెం పొట్టిదై, ఇంకో నిమిషం మాటలు కావాలని స్టూడియోలో వాళ్లు గోల పెడితే, కాలేబు చాయ్ తాగి వచ్చేలోపు గీకి ఇచ్చిన మాట. విశ్వంభరుడి ప్రసంగాలకు నెలలు పట్టాయి, వాటిలో ఒక్కటీ ఎవరి మంచం పక్కనా కూర్చోలేదు. ముందు అతనికి గర్వమే వేసింది. రచయిత కదా. ఆ తర్వాత, భార్య నొప్పులు పడుతున్న ఆ పొద్దంతా తను ఎక్కడున్నానో గుర్తొచ్చింది. తాడు ఎలా తెంపాలా అని పట్నంలో ఆలోచిస్తూ ఉన్నాడు.

"జెర నెయ్యి ఎయ్యనా?" అంది అమృతమ్మ. వేసింది. తల్లి చూడకుండా.

మర్నాడు ఒక్కడే బస్సెక్కాడు. పట్నంలో కాలేబు అతన్ని చూసి మీసం దువ్వుకుంటూ, "నాకేం పని లేదంటిరి కద సార్" అన్నాడు. "ఉన్నది, పాన్ ఏసుకో" అన్నాడు సంగమేశ్వర్. రెండు వారాలు గడిచాక నాగవ్వ తిరిగి వచ్చింది. హన్మయ్య చెప్పినట్టు కుజగ్రహం వాళ్లు పట్టుకున్నారు. అయితే ఖైదు చేయలేదు. ఆమె వాళ్ల రాజుగారి వంటింట్లో జొన్నరొట్టెలు కొడుతూ, సగం సైన్యాన్ని పెంపుడు పిల్లల్లా చూసుకుంటూ దొరికింది. ఇన్ని నెలల్లో మొదటిసారి అతను నిఘంటువు తెరవకుండా రాశాడు. రాస్తూ ఒకటి రెండుసార్లు తనలో తనే నవ్వుకున్నాడు కూడా.

ఆ మరుసటి శనివారం మళ్లీ నారాయణఖేడ్ బస్సెక్కాడు. ఈసారి వినయం సాధన చేయలేదు, అవసరం ఉండదనుకున్నాడు. ఊరు దండలతో నిలబడకపోయినా ఒక మంచి మాటన్నా అంటుంది కదా.

మొగులప్ప కొట్టు దిగి ఎదురొచ్చాడు.

"ఏంది అల్లుడా గీ తమాషా? సచ్చినోళ్లు ఎట్ల లేచొస్తరు? గాలి లేనికాడ ఎట్ల బతుకుతది? శాస్త్రం ఏడ పాయె?"

"మీరే గద మామా బతికించుమన్నది!"

"మేం అంటం. మాకేం ఎర్క? సదువుకున్నోనివి నువ్వు ఇనాల్నా? మేం ఏడ్చిన ఏడుపంత ఒట్టిగ పాయె గద!"

భీమమ్మ పోలెలు చేసింది. నెయ్యి గిన్నె పక్కనే పెట్టింది. పెట్టి, "గాని బిడ్డా, ముసల్ది సచ్చినప్పుడే ఎక్కువ మంచిగుండె" అంది. మాణిక్యప్ప కుర్చీ వేయించి, నాగవ్వకు కుజగ్రహంలో జొన్నలు ఎక్కడ దొరికాయో నిలదీశాడు. హన్మయ్య వచ్చి, తన పేరు రేడియోలో చెప్పలేదని అలిగి, చాయ్ ముట్టకుండా వెళ్లిపోయాడు.

అమృతమ్మ మాత్రం అప్పటికే బట్టలు సర్దుకుని ఉంది. పిల్లను అతని చేతికిచ్చి, మూట నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది.

బస్సు దగ్గరికి మొగులప్ప కూడా వచ్చాడు. సాగనంపడానికి కాదు. అగ్నిబాణాలు కుజగ్రహంలో ఎలా మండుతాయన్న సందేహం మిగిలిపోయిందట. అతను కిటికీ పట్టుకుని అడుగుతున్నాడు, సంగమేశ్వర్ డ్రైవర్ వైపు ఆశగా చూస్తున్నాడు. బస్సు బయల్దేరితే చాలు.

డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. సీటులో వెనక్కి తిరిగి, సంగమేశ్వర్‌ను పైనుంచి కిందికి చూశాడు.

"కుజయాత్ర రాసేది నువ్వేనా?" అన్నాడు. "నీతోటి నాకు జెర మాట్లాడేదుండె."