ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా

ఉతికిన బట్టలు మడతపెడుతుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ చెప్పాడు.

"నీ హాస్పిటల్ సంగతి చూసేశాను. ఎల్లుండి గురువారం కాదు, వచ్చే మంగళవారం ఇచ్చారు. మనం అడగ్గానే మార్చేశారు పాపం, మంచివాళ్ళు."

గ్యాస్ సిలిండర్ బుక్ చేసినంత తేలిగ్గా చెప్పాడు. మనం అడగ్గానే! ఆ మనంలో నేనెక్కడున్నానో నాకు అర్థం కాలేదు.

"గురువారం చెల్లి ఇల్లు మారుతోంది కదా. ఆ సామానంతా సర్దడం దాని ఒక్కదానివల్ల అవుతుందా? అయినా నీకేమన్నా నొప్పా, గడ్డా? బాగానే ఉన్నావుగా. అయిదు రోజుల్లో కొంపలేం మునగవు."

కొంపలు మునుగుతాయో లేదో తర్వాత సంగతి. ఫ్రిజ్ పక్కన గోడకి మా ఇంటి క్యాలెండర్ ఉంది. అందులో అత్తయ్య మోకాళ్ళ డాక్టరు నీలం సిరాతో, మా అయిదేళ్ళదాని పళ్ళ డాక్టరు ఆకుపచ్చతో, ఆయన మీటింగులు ఎర్రసిరాతో ఉంటాయి. అన్నీ రాసేది నేనే. నావి మాత్రం పెన్సిలు చుక్కలు. నెలసరి మొదలైన రోజున ఒక చుక్క, అక్కణ్ణించి లెక్క. గురువారం పన్నెండో రోజు. ఆయన మార్పించిన మంగళవారం పదిహేడో రోజు. ఆ చుక్కలేమిటని ఇంతవరకూ ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ అని ముప్పై ఎనిమిదేళ్ళప్పుడు తేలింది. నలభైకి పోయింది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. పోయిన ఏడాది పిన్నికీ అదే వచ్చింది. పిన్నిని చూసిన డాక్టరమ్మే, మీ అక్కకి ఆడపిల్లలున్నారా అని అడిగి నన్ను పిలిపించింది. కాగితం మీద అమ్మ వయసు వేసి, అందులోంచి పదేళ్ళు తీసేసి, "ఇరవై ఎనిమిదికే మొదలుపెట్టాల్సిందమ్మా, నీకు ముప్పై ఒకటి వచ్చేశాయి. అందరిలా నలభై దాకా ఆగే వీలు నీకు లేదు," అంది. చిన్న వయసులో మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రే ఒక్కదానికే అన్నీ దొరకవనీ, ఏటా ఎంఆర్ఐ కూడా తీయించుకోవాలనీ చెప్పింది. అదీ ఎప్పుడు పడితే అప్పుడు కాదు, ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల రమ్మంది. ఆ తర్వాతైతే ఒంట్లో మార్పులకి లేనివి ఉన్నట్టు కనపడి, ఉన్నది వాటిలో కలిసిపోవచ్చట.

ఇదంతా ఆయనకి రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ తలూపాడు. తల ఊపడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. మొదటి నెల ఆ ఎనిమిది రోజుల్లోనే అత్తయ్యకి కంటి ఆపరేషన్ వచ్చింది. రెండో నెల ఆయన ఆఫీసువాళ్ళు పదిమంది భోజనానికొచ్చారు. ఈ నెల గాజు గిన్నెలూ, పరుపులూ, అట్టపెట్టెలూ. నెలలో మిగతా రోజులన్నీ ఖాళీగానే ఉంటాయి, నా ఎనిమిది రోజుల మీదే అందరి పనులూ వచ్చి పడతాయి.

అత్తయ్య దగ్గర ఆ జబ్బు పేరు ఎత్తకూడదు. "కోరి కొరివితో తల గోక్కోవడం ఎందుకమ్మాయ్! ముందు రెండో కాన్పు కానియ్యి. పిల్లలకి పాలిస్తే అలాంటివేవీ రావట," అంటుంది. మా అమ్మ నాకు మూడేళ్ళు పాలిచ్చింది.

నేను పనిచేసేది లిఫ్టుల కంపెనీలో. ఆరు నెలలకోసారి ఏ బిల్డింగుకి ఎవరు తనిఖీకి వెళ్ళాలో తేదీలు వేసి, ఓనర్లకి ఫోన్లు చేయడం నా పని. "బాగానే నడుస్తోంది కదమ్మా, ఇప్పుడెందుకు?" అని ప్రతివాడూ అడుగుతాడు. "బాగా నడుస్తున్నప్పుడే చూడాలండీ. పడిపోయాక చూడ్డానికి వచ్చేవాళ్ళు వేరే ఉంటారు," అంటాను. అక్కడ నా గొంతు వణకదు. వేసిన తేదీ మార్చమంటే మార్చను కూడా. ఆ రోజు మధ్యాహ్నం అదే ఫోన్‌లోంచి హాస్పిటల్‌కి చేసేసరికి మాత్రం నా గొంతు నాకే ఎవరిదోలా వినపడింది.

"మీవారు ఫోన్ చేశారు మేడమ్. మీకు కుదరదన్నారు," అంది కౌంటర్లో అమ్మాయి.

"నన్నొకసారి అడగాలి కదమ్మా."

"మీవారే కదా అని..." నసిగింది. ఆ టైము వేరే ఎవరికో ఇచ్చేశారట. ఈ వారంలో ఇంకేమీ లేవట. నేను ఫోన్ పెట్టెయ్యకపోయేసరికి గొంతు తగ్గించి, "గురువారం పొద్దున్నే వచ్చి కూర్చోండి. ఎవరైనా రాకపోతే మీకిస్తాను. గ్యారంటీ లేదు మరి," అంది.

సాయంత్రం పిన్నికి ఫోన్ చేసి సామాను సంగతి చెప్పాను. వెళ్ళి తీరమంటుందనుకున్నాను.

"మీ అమ్మ ముందు నాకే చెప్పిందే," అంది. "వంటింట్లో నా చెయ్యి పట్టుకుని తనే గడ్డ చూపించింది. నా పెళ్ళి పది రోజుల్లో ఉంది. ఈ హడావుడి కాస్త అవనీ అక్కా అన్నాను. సరేనంది. ఆ తర్వాత నీ పరీక్షలు, ఆ తర్వాత మీ నాన్నకి బదిలీ. ఎనిమిది నెలలు గడిచిపోయాయి. నన్ను తిట్టు తల్లీ, నువ్వైనా తిట్టు."

తిట్టలేకపోయాను. తన రొమ్ము తీయించుకుని కూర్చున్న మనిషిని ఏమని తిడతాను? నా కోపమంతా అమ్మ మీదికి పోయింది. పోయిన పందొమ్మిదేళ్ళలో అమ్మ మీద నాకు ఒక్కసారీ కోపం రాలేదు, వస్తే పాపమనుకున్నాను. ఇప్పుడు వచ్చింది. సరే అని ఎందుకన్నావు? చెల్లి పెళ్ళికి లడ్డూలు చుట్టేవాళ్ళే కరువయ్యారా? నా పరీక్షలు నువ్వు లేకుండా జరగవా? ఆ తర్వాత నా పరీక్షలన్నీ నువ్వు లేకుండానే జరిగాయి కదా! బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. ఏడుస్తూనే, గురువారం పిల్లకి బాక్సులో ఏం పెట్టాలా అని కూడా ఆలోచించాను. ఆ అలవాటు మీదే నాకు అన్నిటికంటే అసహ్యం వేసింది.

గురువారం టిఫిన్లు పెట్టేసి, "హాస్పిటల్‌కి వెళ్తున్నాను," అన్నాను.

"మంగళవారం కదా?" అన్నాడాయన.

"మంగళవారం పనికిరాదు."

"ఎందుకు పనికిరాదు?"

"రెండుసార్లు చెప్పాను."

"అక్కడ అది ఒక్కతే ఎలా చేసుకుంటుందే?" అంది అత్తయ్య.

"మీ అబ్బాయిని సెలవు పెట్టమనండి అత్తయ్యా. వాళ్ళ చెల్లెలే కదా."

నేను చెప్పులు వేసుకున్నాను. మెట్లు దిగుతూ రెండో అంతస్తులో ఆగి పైకి చూశాను. వెనక్కి పిలుస్తారేమోనని భయం, పిలవకపోతే ఎలాగని ఇంకో భయం.

హాస్పిటల్లో వరసగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాను. కూర్చోలేక లేచాను, మళ్ళీ కూర్చున్నాను. ఫోన్ మోగుతూనే ఉంది. ఆడపడుచు మెసేజ్ పెట్టింది, "వదినా, గాజు సామాను దేంట్లో చుట్టాలి?" అని. పాత పేపర్లలో అని టైపు చేసేశాను కూడా. పంపకుండా చెరిపేశాను. పాతికేళ్ళు వచ్చినదానికి ఆ మాత్రం తోచదా? పన్నెండైంది, ఒంటిగంటైంది. టైము తీసుకున్నవాళ్ళందరూ ఒక్కొక్కరే వస్తూనే ఉన్నారు. ఇవాళ కాకపోతే వచ్చే నెల ఏ పెళ్ళో, ఏ జ్వరమో. అమ్మ ఎనిమిది నెలలు నాకు ఒక్కొక్కటిగా అర్థమవుతున్నాయి.

ఉండబట్టలేక కౌంటరు దగ్గరికి వెళ్ళాను. "నా ఫైల్లో మావారి నంబరు తీసేసి నాది ఒక్కటే ఉంచమ్మా. ఎవరు ఫోన్ చేసి మార్చమన్నా మార్చొద్దు."

"మీవారు చేసినా?"

"ఆయన చేస్తే అసలే వద్దు."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ రాసుకుంది.

రెండున్నరకి పిలిచింది. ఎవరో రాలేదట. లోపలికి నడుస్తుంటే సంతోషం, ఆ వెంటే సిగ్గూ వేశాయి. ఆ రాలేని మనిషి ఎవరో. ఎవరి ఇల్లు సర్దుతోందో, ఎవరికి వండుతోందో, ఏమీ లేదుగా అని ఎవరు చెబితే ఆగిపోయిందో. ఆవిడ వదులుకున్న అరగంట నాకొచ్చింది.

లోపల టెక్నీషియన్ పెద్దావిడ. గాజులూ, గొలుసూ తీయించి, ఫోన్ తీసుకుని లాకర్లో పెట్టింది. పెట్టేటప్పుడు కూడా అది మోగుతోంది. గౌను కట్టించి, స్కాన్ మందు ఎక్కించడానికి చేతికి సూది గుచ్చి, బల్ల మీద బోర్లా పడుకోబెట్టింది.

"అరగంట పడుతుందమ్మా. కదిలారంటే మళ్ళీ మొదటినుంచీ తీయాలి. చప్పుడు కూడా బాగా వస్తుంది. కదలకుండా ఉండగలరా?"

"ఉంటాను," అన్నాను. "ఎవరు పిలిచినా లేవను."