పడవకు జానెడు తాడు

కోట్‌పల్లి ప్రాజెక్టుకు బోటింగ్ వచ్చిందని, కుల్కచర్ల దిక్కు ఒక చిన్న ఊరి చెరువుకు రోషం వచ్చింది. చెరువుకు కాదు, ఊరి పెద్దలకు. పట్టుబట్టి వాళ్లూ ఒక పడవ తెప్పించుకున్నారు. దాన్ని కట్టేయడానికి నీటి అంచున మెట్టు మీద ఇనుప గుంజ పాతించారు. రేవుల్లో ఓడల్ని కట్టే గుంజట అది. మనిషి నడుమంత లావు. కోడిపిల్లకు ఏనుగు గొలుసు వేసినట్టుంది.

కాపలాకు మల్లేశ్వర్‌ను పెట్టుకున్నారు. మొన్నటిదాకా గొర్ల వెంట తిరిగినవాడు. ఖాకీ అంగీ, ఒక ఈల ఇచ్చారు. నెలనెలా జీతమొచ్చే నౌకరి వాళ్ల వంశంలోనే మొదటిది. అదెక్కడ పోతుందోనన్న బెంగతో వాడికి అన్నం కూడా సయించేది కాదు.

వచ్చిన రోజే పడవను తనకు తెలిసిన తీరున కట్టాడు. అంటే పొట్టేలును కట్టినట్టు. తాడు జానెడే వదిలి, గుంజకు రెండు చుట్లు తిప్పి, ముడి మీద ముడి. పొడుగు తాడిస్తే పొట్టేలు పక్కచేలో పడుతుంది మరి. పడవ పక్కచేలో పడదని వాడికి చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సిన ఇంజనీరు చంద్రకాంత్ సారు వచ్చి, పడవను ఊపి చూసి, అది కదలకపోయేసరికి మురిసిపోయాడు.

"శబాష్. రేపు పెద్ద సారు వచ్చి రిబ్బన్ కోస్తడు. అప్పటిదాక గీ ముడి ముట్టినవో, నీ నౌకరి పాయె."

ఆ మధ్యాహ్నమే ఎగువన గుట్టల్లో వాన దంచింది. వాగు వచ్చి చెరువులో పడింది. నీళ్లు మెట్లెక్కుతుంటే పడవ పైకి లేవబోయింది, జానెడు తాడు లేవనివ్వలేదు. దాని మూతి నీళ్లలోకి వంగింది. మల్లేశ్వర్ చెయ్యి ముడి మీదికి పోయింది. నౌకరి గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. సారుకు ఫోన్ చేశాడు.

"సార్, నీళ్లు మస్తు పెరుగుతున్నయి. తాడు జర వదలాల్నా?"

"ముడి గట్టిగున్నదా?"

"గట్టిగనే ఉన్నది సార్."

"మరింకేం ఫికర్? ముట్టకు."

వాడు ముట్టలేదు. పొద్దుగూకేసరికి పడవా, గుంజా రెండూ నీళ్ల కిందికి పోయాయి.

తెల్లారి పెద్ద సారు దిగి, పడవేదీ అని అడిగాడు. కింద పడ్డా పైచేయి తనదే అనే రకం చంద్రకాంత్ సారు.

"కట్టిన కాడనే ఉన్నది సార్. గింత వాగొచ్చినా కొట్టుకపోనియ్యలే మావోడు."

పెద్ద సారు తలూపాడు. రిబ్బన్ కోసి, మల్లేశ్వర్‌కు శాలువా కప్పి, నౌకరి పక్కా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మల్లేశ్వర్ ఇంటికొచ్చి శాలువా తల్లి శంకరమ్మ చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పాడు. గొంగళ్లు నేసే ఇంట్లో పుట్టిన మనిషి, దాన్ని వేళ్లతో నలిపి చూసింది.

"ఉన్ని గాదిది," అని పక్కన పెట్టేసింది. "వాగొచ్చినప్పుడు పొట్టేలు గుంజకే ఉంటె, మీ అయ్య ఏం జేస్తుండె?"

"తాడు కోస్తుండె."

"ఎవర్నన్న అడిగి కోస్తుండెనా?"

వాడు మెడలోంచి ఈల తీసి పక్కన పెట్టాడు.

"పొట్టేలైతే అరుస్తది కొడుకా. పడవకు నోరు లేదు. నీకు చేతులుండె గదా."

శాలువా కప్పినప్పుడు రాని సిగ్గు మల్లేశ్వర్‌కు అప్పుడు వచ్చింది. అయినా మర్నాడు పొద్దున్నే ఖాకీ అంగీ తొడుక్కుని, ఈల మెడలో వేసుకుని, నీళ్ల కింది పడవకు కాపలా పోయాడు.