ఉయ్యాలల గది

ఆదిలాబాద్‌లో ఒక సేటుకు పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు ఉండేది. అక్కడ హమాలీగా ఉన్న సీమోను దూది బేళ్ళు మీద పడి చచ్చిపోతే, అతని భార్య మగ్దలేనమ్మను పనిలో పెట్టుకున్నారు. యంత్రానికి పత్తి అందించే పని. ఎనిమిది నెలల కూతురు దెబోరాను పత్తి కుప్ప మీద పడుకోబెట్టి పనిచేసేది. పసిపిల్లలున్న మరో పదకొండు మంది ఆడవాళ్ళూ అంతే. పిల్లలకు వేరే గది ఉండాలని చట్టం చెప్పినా సేటు కట్టలేదు. కూలీల మీద అజమాయిషీ చేసే ముకద్దం అంతయ్య పిల్లల్ని చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

1959 చలికాలంలో హైదరాబాదు నుంచి దశరథం అనే ఫోటోగ్రాఫర్ వచ్చాడు. కూలీల రోజువారీ బతుకును ఫోటోలు తీసి పత్రికలో వేస్తాడట. తన యంత్రాల గొప్ప నలుగురికీ తెలుస్తుందని సేటు రానిచ్చాడు. మూడో రోజు దశరథం కన్ను దెబోరా మీద పడింది. పాప కనుబొమల నిండా దూది నూగు.

"బిడ్డను కొంచెం వెలుతురులోకి జరుపమ్మా."

"వద్దు సారు. పిల్లలను తెస్తున్నమని బయట తెలిస్తే మమ్ముల ఉండనియ్యరు."

"తెలిస్తేనే మంచిది. గది కట్టించక తప్పదు."

ఆ మాట ఆమెకు నచ్చింది. బిడ్డను తానే కిటికీ కిందికి జరిపింది.

ఫోటో పత్రిక అట్ట మీద వచ్చింది. అది చూసి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు సేటుకు నోటీసు పంపాడు. సేటు గది కట్టలేదు. పన్నెండు మంది తల్లులనూ గేటు దగ్గరే ఆపించాడు.

"పిల్లల తల్లులే లేకుంటే ఇంక గది ఎందుకు?" అన్నాడు.

ఆ తల్లుల్లో దుర్గవ్వ అనే ఆమె అక్కడే మగ్దలేనమ్మ కొంగు పట్టి గుంజింది. "నీ బిడ్డ ఫోటో కొరకు మా అందరి పొట్ట గొట్టినవు గదనే!"

ఆదివారం చర్చిలో కూడా ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ పన్నెండు మందిలో నలుగురు ఆ చర్చి వాళ్ళే. మగ్దలేనమ్మ రోడ్డు పనిలో కంకర కొట్టడానికి పోయింది.

రెండు నెలలకు అంతయ్య ఆమె గుడిసెకు వచ్చాడు. "రేపు ఇన్‌స్పెక్టరు సారు వస్తుండు. తల్లులున్నా లేకున్నా గది చూపియ్యాల్నట. బిడ్డను తీస్కొని రా. గా ఫోటోల ఉన్నదానివి నువ్వే గావాల్నట."

"మల్ల పనిల పెట్టుకుంటరా అన్నా?"

"ముందుగాల నువ్వైతే రా."

మిల్లులో ఒక గోదాము ఖాళీ చేసి, సున్నం వేసి, నాలుగు చెక్క ఉయ్యాలలు పెట్టారు. మగ్దలేనమ్మకు సేటు భార్య చీర కట్టించారు. దశరథం కూడా వచ్చాడు. తన ఫోటో వల్ల వచ్చిన మార్పు చూడమని సేటే పిలిపించాడు. ఉయ్యాల ఊపుతూ నవ్వమని దశరథం చెబితే మగ్దలేనమ్మ నవ్వింది. అతను కెమెరా దించగానే దగ్గరికి వెళ్ళింది.

"సారు, మమ్ముల పన్నెండు మందిని తీసేసిండ్రు. గీ గది ఇయ్యాల్టి మందమే, రేపు మల్ల గోదామే. ఇన్‌స్పెక్టరు సారుకు నువ్వు జర చెప్పు."

దశరథం ఆమె చేతుల మీది పుండ్లు చూశాడు. తల తిప్పుకున్నాడు. "నేను నడుమ దూరితే రేపటినుంచి నన్ను ఏ మిల్లులోకీ రానివ్వరమ్మా."

ఆమె తానే ఇన్‌స్పెక్టరు ముందుకు పోయి అదే మాట చెప్పింది. అతను సేటు వైపు చూశాడు.

"మొగుడు పోయినప్పటి నుంచి దిమాగ్ ఖరాబైంది పాపం. అయినా మేమే సాకుతున్నం," అన్నాడు సేటు.

ఇన్‌స్పెక్టరు చాయ్ తాగి, కాగితాల మీద సంతకం చేసి జీపెక్కాడు. అదే జీపులో దశరథం కూడా వెళ్ళిపోయాడు.

మగ్దలేనమ్మ తన చీర కట్టుకుని సేటు భార్య చీర మడత పెట్టి ఇచ్చింది. అంతయ్య దాన్ని విప్పి చూశాడు. ఒక చోట పాప తడిపింది.

"ఉతికియ్యి. ఎండినంక మడతవెట్టి పో."

ఆమె మిల్లు బావి దగ్గర చీర ఉతికి తీగ మీద ఆరేసింది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని అది ఎండేదాకా ఎండలో కూర్చుంది. ఉయ్యాలలు తీసేసి గోదాములోకి హమాలీలు బేళ్ళు మోస్తున్నారు. పని సంగతి ఇంకొకసారి అడిగితే, సేటు మీద ఇన్‌స్పెక్టరుకు చెప్పాక ఈ గేటు తొక్కనియ్యరని అంతయ్య చెప్పాడు.

మర్నాడు ఆమె బిడ్డను చంకనేసుకుని బోథ్ ఊరి దారి పట్టింది. అక్కడి చేలల్లో ఇంకా పత్తి ఏరడం అయిపోలేదని ఎవరో చెప్పారు.