ఆరు రోజుల జాగ్రత్త

పదహారేళ్ళు ఒక మందుల కంపెనీలో సరుకు తెప్పించే విభాగం నడిపాను. అక్కడ నేర్చుకున్న విద్య ఒక్కటే. సరుకు ఇరవైకి కావాలంటే పద్నాలుగుకే కావాలని చెప్పాలి. అవతలివాడు అందులో నాలుగు రోజులు మింగేస్తాడని నాకు తెలుసు, నేను రోజులు తగ్గించి చెప్తున్నానని వాడికీ తెలుసు. ఇద్దరం అబద్ధాలాడుకుంటూ హాయిగా ఉండేవాళ్ళం.

ఆ విభాగం మూతపడ్డాక, నలభై నాలుగేళ్ళ వయసులో ఒక ఆసుపత్రిలో ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌గా చేరాను. మూడు నెలలు చూసి నచ్చితే ఉంచుకుంటామన్నారు. పది పడకల డయాలసిస్ సెంటర్ సిద్ధం చేయించాలి. ఇరవై ఎనిమిదిన తనిఖీ. అది నెగ్గితే ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే మళ్ళీ ఇంట్లో కూర్చుని దరఖాస్తులు పంపుకోవాలి. "లారీలనే దారిలో పెట్టినదాన్ని, నలుగురు పనివాళ్ళు నాకో లెక్కా" అని ఇంట్లో గొప్పలు కూడా పోయాను.

అందరికీ ఆరేసి రోజులు ముందుకు జరిపి తేదీలు చెప్పాను. ప్లంబర్‌కి పదిహేను, ఎలక్ట్రీషియన్‌కి పద్దెనిమిది. ఈ ఎలక్ట్రీషియన్‌ని అందరూ కరెంటు బాబాయ్ అంటారు. ఆయన సరిగ్గా పద్దెనిమిది సాయంత్రానికి పని ముగించాడు. మర్నాడు మరిచిపోయిన నిచ్చెన కోసం వస్తే గదులకి తాళాలు. మెషీన్లు ఇరవై నాలుగుకి గానీ రావని వాచ్‌మన్ చెప్పాడట. తిన్నగా నా టేబుల్ దగ్గరికొచ్చాడు.

"అమ్మా, పద్దెనిమిదే అన్నారుగా? దాటితే కొంప మునుగుతుందన్నారుగా?"

"జాగ్రత్త కోసం అలా చెప్పాను బాబాయ్. ఇలాంటి పనుల్లో మామూలేగా."

"పదిహేడున మా ఆవిడకి కంటి ఆపరేషన్. మీ మాట నమ్మి వాయిదా వేయించా. ఇప్పుడు డాక్టరు, ఖాళీ దొరికినప్పుడు చూద్దాం అంటున్నాడు. ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది కదమ్మా."

అరిచినా బాగుండేది. అరవలేదు. నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పుకుని ఏడ్చాను. ఆయన ఓదార్చకపోగా, "నువ్వు ఆరింటికి బయల్దేరాలి అంటే ఆరున్నర అని పెళ్ళైన కొత్తలోనే నాకు అర్థమైంది. అందుకే తీరిగ్గా గడ్డం గీసుకుంటా. పాపం, ఆయనకి నీ సంగతి తెలీదుగా, నమ్మేశాడు" అన్నాడు. ఒళ్ళు మండింది. కానీ నమ్మేశాడు అన్న మాట మాత్రం లోపల గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున్నే పనివాళ్ళందర్నీ పిలిచి, అసలు తేదీలు బోర్డు మీద రాసి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. నాకంటే పదేళ్ళు చిన్నవాడైన మా మేనేజర్ మొహం మాడ్చుకున్నాడు. "అసలు తేదీ చెప్తే ఎవరైనా పనిచేస్తారా అండీ?" అన్నాడు పక్కకి పిలిచి.

ఈలోగా ప్లంబర్ నా దగ్గరికొచ్చి కాసేపు నీళ్ళు నమిలాడు. "మేడమ్, టైముందంటున్నారు కాబట్టి చెప్తున్నా. మూడో గదిలో పైపుకి ఒక రోజంతా ప్రెషర్ పెట్టి చూడాలి. పదిహేనుకి అవదని, చూడకుండానే గోడ మూసేశా."

గోడ పగలగొట్టి చూస్తే జాయింట్ దగ్గర చెమ్మ. మెషీన్లు నడిచే రోజున అది బయటపడితే రోగుల గతేమిటో తలుచుకుంటేనే భయమేసింది. పైపు మార్చడం, మళ్ళీ పరీక్ష పెట్టడం, గోడ పూత ఆరడం. నేను దాచిన ఆరు రోజులూ దానికే సరిపోయాయి. ఇక ఆ గోడ మీద స్విచ్ బోర్డులు మళ్ళీ బిగించి మెషీన్లకి కరెంటు ఇవ్వాలి. దానికి ఇరవై ఆరున బాబాయ్ రావాలి. ఫోన్ చేశాను.

"ఇరవై ఆరునే డాక్టరు రమ్మన్నాడమ్మా" అన్నాడు. "ఇరవై ఏడైతే కుదురుతుందా? ఉన్నమాట చెప్పండి."

పాత నేనైతే చచ్చినా కుదరదనేదాన్ని.

"ఇరవై ఏడు పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే సాయంత్రానికి అవుతుంది. అంతకు మించి నా దగ్గర ఒక్క గంట కూడా లేదు బాబాయ్. ముందు ఆపరేషన్ చేయించండి."

ఫోన్ పెట్టేసి, బోర్డు మీద ఇరవై ఆరు కొట్టేసి ఇరవై ఏడు రాశాను. పదహారేళ్ళలో ఒక్క రోజైనా చేతిలో దాచుకోకుండా ఎవరికీ మాట ఇచ్చి ఎరగను.

ఇరవై ఏడున ఏడున్నరకే గేటు దగ్గర నిలబడ్డాను. వేరే ఎలక్ట్రీషియన్‌ని పిలవమని మేనేజర్ రెండుసార్లు వచ్చి సణిగాడు. వినిపించుకోలేదు. ఎనిమిదికి రెండు నిమిషాల ముందు వ్యాన్ ఆగింది. బాబాయ్ దిగి, కంటికి కట్టుతో ఉన్న వాళ్ళావిడకి చెయ్యిచ్చి దింపాడు. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక వెంటబెట్టుకొచ్చాడట.

ఆ సాయంత్రానికి పని పూర్తయింది, మర్నాడు తనిఖీ నెగ్గాం, నా ఉద్యోగమూ నిలిచింది. అవన్నీ సరే గానీ, నాకు గుర్తుండిపోయింది ఆ పొద్దుటి సంగతే. నేను కుర్చీ తెచ్చి వేస్తుంటే ఆవిడ ఒంటికంటితో నన్ను ఎగాదిగా చూసి, "తప్పుడు తేదీలు చెప్పేది ఈవిడేనా?" అని మొగుణ్ణి అడిగింది.

"ఆవిడ మానేసింది" అన్నాడు బాబాయ్, పనిముట్ల సంచి విప్పుతూ. "ఈవిడ కొత్తగా చేరింది."