మావాడొకడు

"మావాడొకడు ఉన్నాడండీ," అన్నాడు పొట్టి క్రేను డ్రైవరు, కుర్చీ అంచున కూర్చుని.

సైకాలజిస్టు పెన్ను కింద పెట్టింది. ఆ మాట వినగానే పెన్ను కింద పెట్టడం ఆమెకు అలవాటు. ఆసుపత్రిలో మొదలుపెట్టి, బ్యాంకులో కొన్నాళ్ళు, పొద్దస్తమానం ఫోన్లెత్తి తిట్లు తినే కంపెనీలో కొన్నాళ్ళు చేసి, చివరికి ఈ ఇనుప కార్ఖానాలో ఉద్యోగుల మంచిచెడ్డలు చూసే గదికి చేరింది. ఎక్కడికెళ్ళినా జనం ఒకేలా వచ్చారు. తాగుడు మానలేనివాడు తమ్ముడి గురించి చెప్పాడు. పైఅధికారి గొంతు వింటేనే వణికే ఆవిడ స్నేహితురాలి గురించి చెప్పింది. కాసేపు చెప్పనిస్తే తమ్ముడూ స్నేహితురాలూ కరిగిపోయి అసలు మనిషి బయటపడేవాడు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఆమె ఇదే పాఠం చెప్పేది. "మావాడొకడు అన్నారంటే పెన్ను కింద పెట్టండి. ఆ వాడు మీ ఎదురుగానే ఉన్నాడు."

పాఠాలు చెప్పేవాళ్ళకు ఒక జబ్బుంది. చెప్పి చెప్పి, తాము చెప్పింది ఎప్పుడూ నిజమే అనుకుంటారు.

"చెప్పండి. ఏమైంది మీవాడికి?"

"క్రేను నడుపుతాడండీ. పైన క్యాబిన్‌లో కూర్చుని. ఇంటి దగ్గర నిద్ర పట్టదు. రాత్రంతా గుడ్లప్పగించి కప్పు చూస్తుంటాడు. పైకెక్కి కూర్చున్నాడా, అక్కడ మాత్రం రెప్పలు వాలిపోతాయి."

"పని చేస్తుండగానా?"

"ఒక్క క్షణమేనండీ. మళ్ళీ తేరుకుంటాడు. ఇంతదాకా ఏం కాలేదు."

ఇంతదాకా. ఆమె కిటికీ వైపు తిరిగింది. కిటికీలోంచి కార్ఖానా షెడ్డు కనిపిస్తోంది. కప్పు కింద పట్టాల మీద క్రేన్లు అటూ ఇటూ పోతుంటాయి. వాటికి వేలాడే ఇనుప రేకుల చుట్ట ఒక్కొక్కటీ ఏనుగంత బరువు. కింద మనుషులు తలవంచుకుని పని చేసుకుంటుంటారు. తలెత్తి చూస్తే పని సాగదు.

"ఆయన్నే నా దగ్గరికి తీసుకురాకూడదూ?"

"రాడండీ. మొండిఘటం. 'నాకేం పిచ్చా?' అంటాడు. పేరు మాత్రం అడక్కండి మేడమ్. ఫోర్‌మన్‌కి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది."

"అడగను. ఎప్పట్నుంచి ఇలా?"

అతను చేతిలో టోపీని చుట్టూ తిప్పాడు. "ఇంట్లో మనిషి పోయినప్పట్నుంచీ."

"ఎవరు పోయారు?"

"మా అక్కండీ," అన్నాడు. అనగానే కళ్ళు నిండాయి. మోచేత్తో తుడుచుకుని గోడ వైపు తిరిగాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు అనుకుంది ఆమె. మావాడు అన్నాడు, కాసేపటికే మా అక్క అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గడ్డం సగమే గీసుకొచ్చాడు. ఇంకేం కావాలి?

"మీకు నిద్ర పడుతోందా?"

"నాకా? నా సంగతి కాదండీ! నేను పడుకుంటే ఏనుగు తొక్కినా లేవను." కన్నీళ్ళ మధ్యే పళ్ళు కనపడేలా నవ్వాడు.

ఆమె కూడా నవ్వింది. ఇలాంటి సందర్భాలకని దాచుకున్న నవ్వు అది. "సరే. మీవాడే అనుకుందాం."

"అనుకోడమేంటండీ! మావాడే."

"అలాగే, అలాగే."

అతను వెళ్ళాక ఆమె గోడ మీది బోర్డు వైపు చూసింది. ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది అని పెద్ద అక్షరాలు. ప్రాణాపాయం ఉంటే తప్ప అని కింద చిన్న అక్షరాలు. ఆ చిన్న అక్షరాల జోలికి ఆమె ఇంతవరకూ పోలేదు. ఒక్కసారి పోతే ఆ గదికి మళ్ళీ ఎవరూ రారు. పోకపోతే, ఎవడో తలవంచుకుని పని చేసుకుంటున్న వాడి నెత్తిన చుట్ట పడుతుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తల్లి సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చునుంది.

"వచ్చావా? పక్కింటావిడకి మోకాళ్ళు లాగేస్తున్నాయిటే."

"ఆ మందు తెచ్చాలే అమ్మా." బ్యాగులోంచి తీసి ఇచ్చింది.

"ఇస్తాలే ఆవిడకి." కాసేపటికి ఇల్లంతా మందు వాసన. తల్లి మోకాళ్ళు తళతళలాడుతున్నాయి. పక్కింటావిడకి ఊరు చూసి రావాలని ఉంటుంది, పక్కింటావిడకి కళ్ళజోడు మార్చాలనిపిస్తుంది, పక్కింటావిడకి కూతురు సరిగా మాట్లాడట్లేదని దిగులు. ఇన్నేళ్ళుగా ఇదే వరస. కూతురు నవ్వుకుని పక్కింటావిడకి కావలసినవన్నీ తల్లికి అమర్చిపెట్టేది.

"ఏమే, అన్నం కెలుకుతున్నావు? ఊళ్ళోవాళ్ళ ఏడుపులన్నీ మోసుకొస్తావు. వినడానికి జీతం ఇస్తున్నారు సరే, మొయ్యడానికి కూడా ఇస్తున్నారా?"

ఆమె చెయ్యి కడుక్కుంది. ఏం చెయ్యాలో అప్పటికి తేల్చుకుంది.

మర్నాడు కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. "క్రేను నడిపే ఆ పొట్టి డ్రైవర్ని కొన్నాళ్ళు ఎత్తులెక్కనివ్వకండి. జీతం తగ్గకూడదు. కారణం నన్నడగొద్దు, మీరూ రాయొద్దు." డాక్టరు అడగలేదు, రాయలేదు. పొట్టి డ్రైవరును కిందికి దించి, చుట్టలకు గొలుసులు కట్టి కొక్కేనికి తగిలించే పనిలో పెట్టారు.

ఆ మధ్యాహ్నమే అతను ఆమె గుమ్మంలోకొచ్చాడు. "నన్ను దింపారేంటండీ?"

"కొన్నాళ్ళు విశ్రాంతి. ఎవరికీ ఏం చెప్పలేదు, భయపడకండి."

"అది కాదండీ, నేను..." వెనక వరండాలో నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళ చెవులు ఇటే ఉన్నాయి. అతను నోరు తెరిచి, మూసుకుని, వెళ్ళిపోయాడు. నిజం ఒప్పుకోవడానికి టైము పడుతుందిలే అనుకుంది ఆమె. కర్ర విరక్కుండా పాము చచ్చిందనుకుంది. ఆ రాత్రి ఆమెకు మంచి నిద్ర పట్టింది.

వారం తిరక్కుండా క్యాంటీన్‌లో ఫోర్‌మన్ ఎదురయ్యాడు. టీ గ్లాసుతో వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. పెద్ద గొంతు మనిషి. మిషన్ల మధ్య అరిచి అరిచి ఇంట్లో కూడా అరుస్తాడని చెప్పుకుంటారు.

"మేడమ్, మా పొట్టివాణ్ణి నేల మీదికి దించేశారు. పుట్టినప్పట్నుంచీ వాడు నేలకి దగ్గరే, ఇంకెంత దించుతారండీ?"

"మీకు ఇబ్బందిగా ఉందా?"

"ఇబ్బందేముంది, మా బావ ఉన్నాడుగా! వాడి షిఫ్టు కూడా ఆయనే లాగేస్తున్నాడు."

"మీ బావగారా?"

"పొట్టివాడి బావండీ. వాడు 'బావా, బావా' అంటుంటే షెడ్డు షెడ్డంతా ఆయన బావే అయిపోయాడు. నేనూ బావా అనే పిలుస్తా. క్రేను మీద ఆయన్ని మించినవాడు లేడు. భార్య పోయింది పాపం. కంపెనీ మూడు రోజులు సెలవిచ్చింది, నాలుగో రోజుకి దిగబడ్డాడు. పొమ్మన్నా పోడు. 'ఇంటికెళ్ళి ఏం చెయ్యను, గోడలు లెక్కపెట్టనా?' అంటాడు. బంగారం అనుకోండి."

ఆమె గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. "ఆ పోయినావిడ... పొట్టి డ్రైవరుకి ఏమవుతుంది?"

"అక్కండీ. ఒక్కగానొక్క అక్క. తల్లిలా పెంచింది వాణ్ణి."

ఆమె లేచింది. కుర్చీ వెనక్కి పడింది.

"మేడమ్! టీ!" అని ఫోర్‌మన్ అరిచాడు. ఆమె అప్పటికే గుమ్మం దాటింది. "మేడమ్, తలకి టోపీ లేకుండా షెడ్డులోకి పోకూడదు!" అంటూ వెంటపడ్డాడు.

ఎవరి టోపీనో కొక్కెం మీంచి లాక్కుని తగిలించుకుంది. అది కళ్ళమీదికి జారుతోంది. షెడ్డు నిండా ఇనుము సానబట్టే రాపిడి మిషన్ల రొద. క్రేను ఎక్కే నిచ్చెన పక్కన ఆమె రాయించిన కాగితమే అంటించి ఉంది. దుఃఖం సహజం, మనసు విప్పి మాట్లాడండి అని. దాని మీద ఎవరో నూనె చేతులు తుడుచుకున్నారు.

స్తంభం దగ్గర పొట్టి డ్రైవరు నిలబడి ఉన్నాడు. మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తున్నాడు. ఆమె వచ్చినా చూపు దించలేదు.

"పైన ఉన్నది మీ బావగారా?"

"అవునండీ."

"నిద్ర పట్టనిది ఆయనకేనా?"

"మొదట్నుంచీ అదే చెప్తున్నాగా."

"మళ్ళీ వచ్చి చెప్పాల్సింది!"

"ఎలా చెప్పనండీ? మీరు నవ్వారు." అతని గొంతులో కోపం కూడా లేదు. "పైగా ఫోర్‌మన్ ఆయన్ని నా షిఫ్టుకి కూడా ఎక్కించాడు. ఆయన కాదనడు. నేను నోరు విప్పితే ఆయన ఉద్యోగం పోతుంది. అక్క పోయింది, ఇది కూడా పోతే ఆ మనిషి ఏమైపోతాడు? అందుకని ఇక్కడ నిలబడి చూస్తున్నా. ఎవరో ఒకరు చూడాలి కదండీ."

ఆ రోజు ఆమె ఏడుస్తున్న మనిషిని చూసింది, పోయిన అక్క ఎవరి ఇంటి మనిషో అడగలేదు.

పైన క్రేను కదులుతోంది. కొక్కేనికి వేలాడుతున్న చుట్ట మనిషి నడిచేంత వేగంతో పోతోంది. నేల మీద పసుపు గీత ఉంది. చుట్ట అక్కడ ఆగి కిందికి దిగాలి. గీత దగ్గరికొచ్చింది. గీత దాటింది.

పొట్టి డ్రైవరు ఈల వేశాడు. చుట్ట ఆగలేదు. మళ్ళీ వేశాడు. "బావా!" అని అరుస్తూ పరిగెత్తాడు. ముందు రాపిడి బల్ల దగ్గర ఒకడు మొహానికి అద్దం తొడుక్కుని వంగి పనిచేస్తున్నాడు. నిప్పురవ్వల రొదలో వాడికి ఈలా వినిపించదు, బావా అన్న కేకా వినిపించదు.

స్తంభానికి ఎర్ర బుడిపె ఉంది. ఉద్యోగంలో చేరిన రోజున షెడ్డు చూపిస్తూ, "ఇది నొక్కితే క్రేన్లకి కరెంటు పోతుంది, దీంతో మీకేం పనిలెండి," అని ఫోర్‌మనే చెప్పాడు. ఆమె పిడికిలితో గుద్దింది.

క్రేను కీచుమని ఆగింది. చుట్ట ముందుకు ఊగి, వెనక్కి ఊగి, రాపిడి బల్లకు సరిగ్గా పైన నిలిచింది. గొలుసు మూలిగింది. వాడు అద్దం ఎత్తి చూశాడు. చూసి, కాళ్ళూ చేతులూ నేలకానించి పాకుతూ బయటికొచ్చాడు. ఒక్కో మిషనూ ఆపేశారు.

చాలాసేపటికి క్యాబిన్ కిటికీలోంచి ఒక తల బయటికొచ్చింది. "ఎవడ్రా కరెంటు తీసింది?"

నిద్ర గొంతు. అందరూ విన్నారు.

ఆయన దిగి వచ్చి నిచ్చెన చివరి మెట్టు మీద కూర్చున్నాడు. నెరిసిన మనిషి. చొక్కా బొత్తాలు పైది కిందకీ కిందది పైకీ పెట్టుకున్నాడు. వాటిని చూసి సరిచేసే మనిషి ఇంట్లో లేదు.

"నిద్రపోయావా బావా?" అన్నాడు ఫోర్‌మన్. జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

ఆయన బామ్మర్ది వైపు చూశాడు. "చెప్పావా?"

"చెప్పా బావా. నీ పేరు చెప్పలేదు. ఈవిడకొక్కదానికే చెప్పా. ఆ నిద్ర పట్టనివాణ్ణి నేనే అనుకుంది."

ఫోర్‌మన్ తల ఆమె వైపు తిరిగింది. అతని వెనక షెడ్డంతా తిరిగింది. "అంటే, మీకు ముందే తెలుసా మేడమ్?"

చెప్పుకోవడానికి ఆమె దగ్గర చాలా మాటలున్నాయి. చదువు నిండా మాటలే. "తెలుసు," అంది.

రాపిడి బల్ల మనిషి కింద ఉమ్మేశాడు. ఆమె మీద కాదు. ఆమె వైపు.

ఆమె వెళ్ళి పెద్దాయన ఎదురుగా నేల మీద కూర్చుంది. టోపీ కళ్ళమీదికి జారితే తీసేసింది. "మీరు రేపు ఒకసారి నా గదికి రండి. మీతో మాట్లాడాలి."

"మీ గదికి మావాడు వచ్చాడుగా అమ్మా. ఎదురుగా కూర్చున్నవాడి మాటే మీకు పట్టలేదు." ఆయన తలెత్తి క్యాబిన్ వైపు చూశాడు. "అక్కడ కాస్త ఊగుతుంటుంది. కన్ను మూతపడేది అక్కడొక్కచోటే. ఇంక అదీ లేదు."

బామ్మర్ది ఆయన భుజం పట్టుకుని లేపబోయాడు. ఆయన ఆ చెయ్యి తీసేసి, ఒక్కడే లేచి, గేటు వైపు నడిచాడు. పొట్టి డ్రైవరు కాస్త దూరం వదిలి వెనకే వెళ్ళాడు.

తర్వాత ఆ గదికి ఎవరూ రాలేదు. వరండాలో వెళ్ళేవాళ్ళు గుమ్మం దగ్గరికి రాగానే గొంతు తగ్గించేవారు, దాటాక పెంచేవారు. ఆమె రెండుసార్లు పెద్దాయన ఇంటికి ఫోన్ చేసింది. రెండుసార్లూ మోగి మోగి ఆగిపోయింది. మూడోసారి పొట్టి డ్రైవరు ఎత్తాడు. "ఇక్కడే పడుకుంటున్నానండీ, ఆయన పక్కన," అన్నాడు. ఆయన నిద్రపోతున్నాడా అని అడిగింది. అతను ఫోను పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పుతుండగా తల్లి లోపల్నుంచి పిలిచింది.

"వచ్చావా? పక్కింటావిడకి పొద్దుట్నుంచీ గుండెల్లో దడగా ఉందిటే. చెమటలు పోస్తున్నాయిట."

ఆమె ఒక చెప్పుతోనే లోపలికి పరిగెత్తింది. తల్లి మణికట్టు పట్టుకుంది. నుదురు తడిమింది. పొడిగా ఉంది.

"ఎవరికమ్మా? నీకా?"

"నాకెందుకుంటుందే! చెప్పాగా, పక్కింటావిడకని."

"నిజం చెప్పమ్మా. నీకా, ఆవిడకా?"

తల్లి ఆమె మొహంలోకి చూసి, చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఏమైందే నీకు? ఆవిడకేనే."

ఇన్నేళ్ళలో ఆమె పక్కింటి గంట నొక్కింది లేదు. అలాగే ఒక చెప్పుతో బయటికి వెళ్ళి నొక్కింది. లోపల గంట మోగింది. తలుపుకు చెవి ఆనించింది. తల్లి కూడా గుమ్మంలోకొచ్చి, గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఆ చెయ్యి ఎందుకక్కడుందో ఆమెకు తెలియలేదు.

లోపల్నుంచి చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది.