బూరె వద్దన్న మాస్టారు

లోకంలో ఎంతమంది పస్తులుంటున్నారో సూర్యప్రకాశం మాస్టారు సోమవారంనాడు అయిదో తరగతికి గొంతు వణికేలా చెప్పారు. "మనమేమో పెళ్లిళ్లలో విస్తళ్లకొద్దీ పారబోస్తున్నాం. ఎవరైనా వద్దంటే ఇంక వెయ్యకండర్రా. మిగిలింది లేనివాళ్లకి పెట్టండి" అన్నారు. పిల్లలు బుద్ధిగా తలలూపారు.

గురువారం ఆ క్లాసులోని వెంకటదుర్గ వాళ్లక్క పెళ్లి. మాస్టారు పొద్దున్న టిఫిను మానేసి మరీ బంతిలో కూర్చున్నారు. బూరెల బుట్టతో వెంకటదుర్గే వచ్చింది.

"బూరె వెయ్యమంటారా మాస్టారూ?"

"వద్దమ్మా, వద్దు" అంటూ ఆయన విస్తరికి చెయ్యి అడ్డం పెట్టారు, వేళ్ల మధ్య బూరె పట్టేంత సందు వదిలి. మొదటి వద్దు మర్యాదకి, రెండోది మొహమాటానికి. మూడోదాన్ని కూడా చెవిన పెట్టకుండా వేసేవాడే గోదావరి జిల్లా మనిషి.

"సరేనండి" అని వెంకటదుర్గ పక్క విస్తరికి వెళ్లిపోయింది. దాని వెనకే గుత్తివంకాయ, పులిహోర పట్టుకొచ్చిన క్లాసు పిల్లలూ అంతే. మగపెళ్లివారు సైతం మర్యాదకి పోయి బిక్కమొహాలు వేశారు.

మిగిలిన బుట్టలన్నీ రిక్షా ఎక్కి ఊరవతల ఇటుకబట్టీకి వెళ్లాయి. చారన్నంతో లేచిన మాస్టారు అరుగు మీద తాంబూలం నములుతుంటే, వెంకటదుర్గ ఆ రిక్షాలోనే తిరిగొచ్చి ఎగురుకుంటూ దిగింది.

"అన్నీ అయిపోయాయండి మాస్టారూ! బట్టీ పిల్లలు ఒక్కళ్లంటే ఒక్కళ్లు కూడా వద్దనలేదండి!"