ఫ్రిజ్ తలుపు చాటున

పెరుగు మీద మీగడ చెదరకుండా తీయడం ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే చేతనవును. మందంగా తేలిన మీగడ భర్తకి, కాస్త పల్చనిది అత్తగారికి, దాని కింద గట్టి పెరుగు కూతురు చిట్టికి. అడుగున మిగిలినదాంట్లో నీళ్లు పోసుకుంటే అది ఆమె డైటింగ్. ఈ పంపకం ఎవరూ చెప్పి చేయించింది కాదు. చెప్పి చేయిస్తే ఎదురు చెప్పడానికైనా వీలుండేది.

మానెయ్యమన్నది మాత్రం భర్తే. "లావు తగ్గాలంటే ముందు పాలూ పెరుగూ బంద్. నీకసలు గాలి పీల్చినా ఒళ్లొస్తుంది," అన్నాడు స్నేహితుల ముందు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అలా నవ్వినందుకు ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. "వాడి మాటలు పట్టించుకోకమ్మా," అంది అత్తగారు ఆనక చాటుగా. "అయినా వాడన్నదాంట్లో అబద్ధమేముందిలే."

తమాషా ఏమిటంటే, ఆమె నర్సుగా పనిచేసేది బరువు తగ్గించే క్లినిక్‌లోనే. వచ్చినవాళ్లని తూకం మిషన్ మీద నిలబెట్టడం, డాక్టరమ్మ రాసిన ఆహారాన్ని విడమరిచి చెప్పడం ఆమె పని. "పాలూ పెరుగూ మానక్కర్లేదండీ. చక్కెర కలపకుండా ఒక కప్పు పెరుగు, కూర్చుని నిదానంగా తినండి. కడుపు నిండుగా ఉంటే చిరుతిళ్ల మీదకి మనసు పోదు. వెన్నా మీగడా దగ్గర కాస్త చూసుకోండి, చాలు." రోజంతా ఇదే చిలకపలుకు. మొన్న ఒకావిడ తూకం దిగి, ఆమెని ఎగాదిగా చూసి, "మీరూ ఇదే తింటున్నారా సిస్టర్?" అంది. కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె వినబడనట్టు తెల్లకోటు బొత్తాలు సర్దుకుంది.

ఏం తింటోందో ఆమెకే తెలుసు. పొద్దున్నే, ఎవరూ లేవకముందు, ఫ్రిజ్ తలుపు చాటున నిలబడి మీగడలోంచి ఒక చెంచా, ఆ వెంటనే ఇంకొకటి. రుచి తెలిసేలోపే గొంతు దిగిపోయేది. గుంట కనబడకుండా చెంచా వెనకవైపుతో సదిరి, మూతి తుడుచుకుని, చెంచా కడిగి మరీ పెట్టేసేది. తను కాచి తోడుపెట్టిన పెరుగు దగ్గర తనే దొంగ! ఊరందరికీ పాఠాలు చెప్పే నోరేనా ఇది అని కుంచించుకుపోయేది. సిగ్గు ఎక్కువైన రోజున ఇంకో చెంచా ఎక్కువ దిగేది.

ఒక ఆదివారం ఆమె ముందుగా స్నానం కానిచ్చి వంటింట్లోకి వచ్చేసరికి ఫ్రిజ్ తలుపు తీసి ఉంది. తలుపు కింద రెండు చిన్న పాదాలు. చిట్టి పెరుగు గిన్నెలో చెంచా ముంచి గబగబా మింగి, చెంచా వెనకవైపుతో గుంటని సదురుతోంది. తల్లిని చూసి గతుక్కుమని మూతి తుడుచుకుంది.

"ఇక్కడెందుకే? బల్ల దగ్గర కూర్చుని తినొచ్చుగా."

"నాన్న చూస్తాడు," అంది పిల్ల గుసగుసగా. "నాక్కూడా పొట్టొస్తోందన్నాడు నిన్న. అయినా మనం ఇక్కడ నించునే కదమ్మా తినాలి? నువ్వూ అంతేగా."

ఇన్నాళ్లూ ఆమె ఆ సిగ్గు తన ఒక్కదానిదే అనుకుంది. అది పిల్లకి అంటుకుంటుందని కలలో కూడా అనుకోలేదు.

గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. మీగడ తీయలేదు. గరిటెతో మీగడా పెరుగూ కలిపి రెండు కప్పుల్లో వేసి, కుర్చీలు చప్పుడయ్యేలా లాగింది. ఇద్దరూ కూర్చున్నారు. ఎంత కాలానికో ఆ పెరుగు రుచి ఆమెకి తెలిసింది.

ఆవలిస్తూ వచ్చిన భర్త గిన్నెలోకి తొంగిచూశాడు. "ఇదేంటి, మీగడ తియ్యలేదా?"

"లేదు."

"మరి నీ డైటింగో?"

"ఇదే. కూర్చుని తింటున్నా."

తండ్రి గొంతు వినగానే చిట్టి చెయ్యి మూతి తుడుచుకోవడానికి లేచింది. ఆమె ఆ చేతిని మెల్లగా పట్టుకుని బల్ల మీదకి దించింది.

"తుడుచుకోకు," అంది. "తిను."